ఒక రాత్రికి ఖాళీ

"ఈ రాత్రికి వాటా ఖాళీ చెయ్యాలమ్మాయ్. రేపు పొద్దున్నే మళ్ళీ దిగుదురుగాని."

"మంచం మీద మనిషి ఎటు తిప్పితే అటే ఉన్నారు. ఖాళీ ఏంటండీ పిన్నిగారూ? మేం కదలం."

"కాగితంలో రాసుకున్నాం కదా. గడువు ఇవాళ్టితో సరి."

"గడువైపోతే మాత్రం? మీరు పొమ్మంటే పోవాలని లేదు. కోర్టుకెళ్ళండి. కోర్టు చెబితే అప్పుడు చూద్దాం. మీ అంతట మీరు మా సామాను బయట పెట్టకూడదు, నీళ్ళాపకూడదు, కరెంటు తియ్యకూడదు. అన్నీ కనుక్కునే మాట్లాడుతున్నాను."

"నేను నీళ్ళాపుతానన్నానా? కరెంటు మాటెత్తానా? ఒక్క రాత్రి అంటున్నాను."

"ఆ ఒక్క రాత్రీ ఎందుకో నాకు తెలుసు లెండి. ఆయన ఈ ఇంట్లో పోతారని మీ భయం. ఒకసారి గుమ్మం దాటిస్తే మళ్ళీ ఎక్కనివ్వరు."

ఆవిడ అరుగు మీద స్తంభానికి ఆనుకుని కూర్చుని, కొంగుతో మోకాళ్ళు కప్పుకుని వీధిలోకి చూస్తూ ఉండిపోయింది. నేను గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాను. బందరులో, గొడుగుపేటలో, ఒక పాత పెంకుటింటి అరుగు మీద, భోజనాల వేళ దాటాక జరిగిన తగువు ఇది. లోపల మంచం మీద మా వారు. ఆసుపత్రిలో ఉంచి లాభం లేదు, ఇంటికి తీసుకెళ్ళండి అని పంపేశారు. ఇల్లంటే మాకు ఆ అద్దె వాటాయే.

మొన్న మా మనవరాలు గుడివాడలో గది అద్దెకి తీసుకుంది. అక్కడ కోర్టులో ఒక పెద్ద లాయరుగారి దగ్గర పని నేర్చుకుంటోంది. పాలు పొంగించడానికి నేను వెళ్ళాను. ఇంటివాళ్ళిచ్చిన కాగితం అది పైకి చదువుతుంటే పదకొండు నెలలు అన్న మాట నా చెవిని పడింది. అంతే. ఆ అరుగూ, ఆవిడా నా కళ్ళ ముందుకి వచ్చి కూర్చున్నారు. వంట చేస్తున్నా ఉన్నారు, పడుకున్నా ఉన్నారు. నాలుగో తరగతితో ఆగిపోయిన దానికి రాతలెందుకని నవ్వేవాళ్ళు నవ్వండి. కాగితం మీద పెడితే కొంచెం దూరం జరుగుతారేమోనని రాస్తున్నాను.

ఆవిడ పేరు రాయను. పేరు పెట్టి పిలిచేవాళ్ళు అప్పటికే ఎవరూ మిగల్లేదు. వీధంతా ఇల్లుగలావిడ అనేది. నేను పిన్నిగారూ అనేదాన్ని. నాకన్నా పది పన్నెండేళ్ళు పెద్ద. సన్నం, పొడుగు. పెడన నేత చీర గంజి పెట్టి కట్టేది, అది నడిస్తే చప్పుడయ్యేది. కళ్ళజోడు కాడ విరిగితే దారం కట్టి చెవికి చుట్టుకునేది. కొత్తది కొనుక్కోరాదా అని ఎవరో అంటే, చూపు కాడలో ఉందా అంది. ఆ రోజే నాకు ఆవిడ మీద గౌరవం కలిగింది. డబ్బు ఎక్కడ తియ్యాలో, ఎక్కడ తియ్యకూడదో తెలిసిన మనిషి.

మేం ఆ ఇంట్లో దిగిన తీరు చెప్పాలి. మా వారిది ముదినేపల్లి దగ్గర రైసు మిల్లులో పని. మిల్లు మూశారు. చిలకలపూడిలో రోల్డు గోల్డు నగలకి మెరుగు పెట్టే పని దొరికితే బందరు వచ్చాం. ఇళ్ళ కోసం తిరిగితే ప్రతి గుమ్మంలోనూ ఒకటే పరీక్ష. ఎంతమంది ఉంటారు, ఏం వండుతారు, చుట్టాలు ఎక్కువా, నీళ్ళు ఎక్కువ వాడతారా, మంచాన పడ్డ ముసలివాళ్ళెవరైనా ఉన్నారా. ఆవిడ ఇవేవీ అడగలేదు. నన్ను పైకీ కిందికీ చూసి, పదకొండు నెలలకోసారి ఒక రాత్రి ఎక్కడికైనా వెళ్ళి పడుకోగలరా అని అడిగింది. పెడనలో మా ఆడపడుచు ఉంది, వెళ్ళగలం అన్నాను. అయితే రండి అంది. అరుగుకి ఒక చివర మాకిచ్చిన వాటా, రెండో చివర ఆవిడ ఉండే వాటా.

కాగితం కోర్టు ముందు రేకుల షెడ్డులో రాయించాం. పదకొండు నెలలు అద్దె, గడువు తీరిన రోజు సాయంత్రం వాటా పూర్తిగా ఖాళీ, మర్నాడు పొద్దున్న ఇష్టమైతే కొత్త కాగితం. దాని కింద ఇంకో మాట రాయమంది. అరుగు మీద ఎవరు వచ్చి కూర్చున్నా అద్దెవాళ్ళు లేపకూడదు, మంచినీళ్ళడిగితే లేవనకూడదు. రాసే ఆయన కలం ఆపి, ఇలాంటివి అగ్రిమెంట్లో రాయరమ్మా అన్నాడు. నా కాగితంలో రాస్తారు, రాయండి అంది. ఆయన నవ్వుకుంటూ రాశాడు. నేను నవ్వలేదు. నీళ్ళకి ఖర్చేముంది, బావి ఉంది.

ఇక ఆవిడ అలవాట్లు. మేకు కొట్టకూడదు, గోడకి సైకిలు ఆనించకూడదు, బావి గట్టు మీద చేపలు కడగకూడదు. ఇవి ఏ ఇంటివాళ్ళైనా చెప్పేవే. నేను ఆగి చూసేలా చేసినవి వేరే. తన వాటాలోకి తను వెళ్ళేటప్పుడు కూడా ఆవిడ గుమ్మం ముందు ఆగేది. అరచేత్తో తలుపు తట్టేది. కొంచెంసేపు చెవి పెట్టినట్టు నిలబడి, అప్పుడు తోసుకుని వెళ్ళేది. లోపల చీమ కూడా లేదని తెలుసు. ఆవిడకి పిల్లలు లేరు, భర్త పోయాడు. ఎవరున్నారని కొడతారు పిన్నిగారూ అంటే, అలవాటమ్మాయ్ అనేది. తలుపుకి లోపలి గడియ కూడా లేదు. ఉండేదనడానికి చెక్కలో గుంటలు మాత్రం ఉన్నాయి. రాత్రిపూట తలుపు దగ్గరకి వేసి, అది ఊగకుండా చిన్న పీట అడ్డం పెట్టుకునేది. దొంగలొస్తారండీ అంటే, వచ్చి ఏం పట్టుకెళ్తారు, నన్నా అనేది.

ఎవరైనా మీ ఇల్లు బాగుందండీ అంటే ఆ మాట వినిపించుకునేది కాదు. ఎంతకాలం నాటిది అంటే అసలావిడ కట్టించింది అనేది. అసలావిడ ఎవరని ఎవరూ అడగలేదు. అత్తగారేమో అనుకున్నాం.

గడువు తీరే రోజు వచ్చిందంటే వీధికి తిరునాళ్ళలా ఉండేది. పదకొండో నెల వచ్చిందే, మూట కట్టారా వదినా అని ఎదురింటివాళ్ళు వేళాకోళం. పెట్టెలూ, మంచాలూ, ఆఖరికి ఉప్పు జాడీతో సహా పెరట్లోకి మోసి, పైన పరదా కప్పాలి. గదులు ఊడ్చేవరకూ ఆవిడ నిలబడేది. తర్వాత గుమ్మం మాత్రం తనే కడిగేది, నన్ను ముట్టుకోనిచ్చేది కాదు. లోపల ఒక చాప పరిచి, ఒక దిండు వేసి, చెంబుతో నీళ్ళు పెట్టి, తలుపు ఓరగా వదిలేది. మేం పెడన బస్సెక్కేవాళ్ళం. మర్నాడు పొద్దున్న వచ్చి పాలు పొంగించాలి. ప్రతిసారీ పాలు దండగ అని నాకు మంట. చిన్న గిన్నెలో చిన్న గ్లాసుడు పోసేదాన్ని, అవీ పొంగుతాయి. ఆవిడ చూసి, నువ్వు నాకన్నా గట్టిదానివమ్మాయ్ అంది. పొంగినవి నేలపాలేగా పిన్నిగారూ, ఎన్ని పోస్తే అన్ని అన్నాను. అప్పుడు నవ్వింది. ఆవిడ నవ్వడం నేను చూసింది తక్కువ.

ఈ ఖాళీ ఎందుకో వీధిలో అందరికీ తెలుసు, అంటే తెలుసని అనుకునేవాళ్ళు. పన్నెండేళ్ళు ఆపకుండా ఒక ఇంట్లో ఉంటే ఆ ఇల్లు ఉన్నవాళ్ళదైపోతుందని చిన్నప్పటి నుంచీ వింటున్నదే. మధ్యలో ఒక్క రాత్రి తెగ్గొడితే లెక్క మళ్ళీ మొదటికొస్తుందట. ఆవిడ ఇల్లు పోతుందని భయపడి తెగ్గొట్టుకుంటోంది అనుకున్నాం. చాపా దిండూ కూడా అందుకే, తను వెళ్ళి పడుకుని ఇది నాదని చూపించుకోవడానికి అనుకున్నాను. జాగ్రత్త గల మనిషి, ఆస్తి అలాగే కాపాడుకోవాలి అని మెచ్చుకున్నాను కూడా.

తర్వాత మా వారికి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యీ కాలూ పడిపోయాయి, మాట ముద్దగా అయిపోయింది. ఒక గడువుకి ఆయన్ని ఆటోలో పడుకోబెట్టుకుని పెడన తీసుకెళ్ళి తీసుకొచ్చాం. తర్వాతి గడువు నాటికి అదీ కుదరని స్థితి. మింగుడు పడడం లేదు. ఊపిరి తీస్తుంటే గొంతులో గురగుర.

నా భయం ఎక్కడి నుంచి వచ్చిందో కూడా చెప్పాలి. ఆ వీధి చివర మేడలో అద్దెకున్న ఒక కలంకారీ అచ్చుల పనివాడి తల్లి ఆసుపత్రిలో పోతే, ఇంటివాళ్ళు గేటుకి తాళం వేశారు. అద్దె ఇంట్లోకి శవాన్ని తేకూడదు, తర్వాత ఎవరూ దిగరు అన్నారు. ఎండలో రోడ్డు పక్కన గుడ్డల పందిరి వేసి, ఆవిడని బల్ల మీద పెట్టి, కూతుళ్ళు కాలవ గట్టున కూర్చుని ఏడ్చారు. నేను చూశాను. వీధిలో పెద్దమనుషులు ఉన్నారు, ఒక్కరూ గేటు తియ్యమని అడగలేదు. ఇంటివాళ్ళకి ఆ హక్కు ఉంటుందనే అందరూ అనుకున్నారు. మా వారికి అలా జరగకూడదు. నాకు అంతకన్నా పెద్ద కోరిక లేదు అప్పుడు. ఆయన నలభై ఏళ్ళు కష్టపడిన మనిషి, కప్పు కింద పోవాలి, గుమ్మం ముందు నుంచి లేవాలి.

మా మేనల్లుడు కోర్టు ఎదురుగా జిరాక్సు కొట్లో పనిచేసేవాడు. వాడు ఇద్దరు ముగ్గురిని అడిగి వచ్చి చెప్పాడు. అత్తా, గడువు తీరినా బలవంతంగా గెంటెయ్యడానికి ఎవరికీ హక్కు లేదు, ఖాళీ చేయించాలంటే కోర్టు ఉత్తర్వు తెచ్చుకోవాల్సిందే, నువ్వు కదలకు అని. ఆ మాట పట్టుకుని నేను గుమ్మంలో నిలబడ్డాను.

ఆయన ఇంట్లో పోతారని మీ భయం అని నేనన్నాక ఆవిడ స్తంభానికి ఆనుకుని కూర్చుందని చెప్పాను కదా. తర్వాత, వీధిలోకి చూస్తూనే మొదలుపెట్టింది. నాతో చెబుతున్నట్టు కూడా లేదు.

పిన్నిగారి వాళ్ళది హంసలదీవి దగ్గర పల్లె. ఉప్పెనలో ఇల్లూ గొడ్డూ పోయి, కట్టుబట్టలతో భార్యాభర్తలు బందరు వచ్చారు. ఈ ఇంటి అసలు యజమాని పిల్లలు లేని ఒక విధవరాలు. అరుగు మీద తలదాచుకున్న వీళ్ళని చూసి ఒక వాటా తెరిచి, ఉండండి అంది. అద్దె లేదు, కాగితం లేదు. కొన్నాళ్ళకి ఆవిడ తమ్ముడు రమ్మన్నాడని శ్రీకాకుళం వెళ్ళింది. ఆ శ్రీకాకుళం కాదు, మన కృష్ణ ఒడ్డునున్న ఊరు. ఇల్లు చూసుకోండి, సాయంత్రం దీపం పెట్టండి అని తాళాలు చేతికిచ్చింది. ఏళ్ళు గడిచాయి. టీ కొట్టు దగ్గర ఎవరో వీళ్ళాయనకి ఆ పన్నెండేళ్ళ సంగతి ఎక్కించారు. ఇంటి పన్ను తన పేరు మీదకి మార్పించుకున్నాడు. కరెంటు మీటరు కూడా. పన్నెండేళ్ళు దాటాక ఊపిరి పీల్చుకున్నాడు.

ఆ తర్వాత ఒక వానాకాలం సాయంత్రం అసలావిడ గుడ్డ సంచీతో వచ్చింది. తమ్ముడు పోయాడు, మరదలు వెళ్ళమంది. ఇక్కడ ఉందామని వచ్చింది.

"మా ఆయన తలుపు వేసేసి లోపల నుంచి చెప్పాడమ్మాయ్. పన్నెండేళ్ళు దాటింది, చట్టప్రకారం ఇల్లు మాదీ అని. ఆవిడ తగువు పడలేదు. 'అలాగా నాయనా, చట్టమంటే చేసేదేముంది. ఈ రాత్రికి పడుకుని పొద్దున్నే వెళ్ళిపోతాను, తలుపు తియ్యండి' అంది. మా ఆయన నా చెవిలో, ఒక్క రాత్రి లోపల పడుకుందంటే పన్నెండేళ్ళూ తెగిపోతాయి, గడియ తియ్యకు అన్నాడు. గడియ పట్టుకున్నది ఆయన కాదు. నేను."

కొంగు మోకాళ్ళ మీదకి ఇంకొంచెం లాక్కుంది.

"మంచినీళ్ళడిగింది. కిటికీలోంచి ఇద్దామంటే ఊచల్లో చెంబు పట్టలేదు. తలుపు తియ్యాలి. తియ్యలేదు."

తెల్లారి చూస్తే అరుగు మీద మనిషి లేదు. శ్రీకాకుళం వెళ్ళి కనుక్కుంటే అక్కడికి రాలేదన్నారు. బస్టాండులో అడిగారు, చల్లపల్లిలో చుట్టాలని అడిగారు. ఎక్కడా లేదు. భర్త పోయాక ఈవిడ లోపలి గడియ ఊడపీకించింది. ఒక వాటా అద్దెకిచ్చి దాంతో బతకాలి, మరి అసలావిడ ఒక రాత్రి పడుకోవడానికి వస్తే అందులో మనుషులుంటారు. అందుకని ప్రతి కాగితంలోనూ ఒక రాత్రి విడిగా ఉంచుకుంది.

"పోయిందని ఎవరూ చెప్పలేదు నాకు. ఎవరైనా చెబితే ఊరుకుందును. ఉంటే ఎనభై దాటుంటాయి. రాకూడదనేం లేదుగా."

ఇక్కడ మా మనవరాలి మాట చెప్పకుండా ముందుకి వెళ్ళలేను. గుడివాడలో పాలు పొంగించాక దాన్ని అడిగాను, పదకొండు నెలలేమిటే అని. ఏడాదీ అంతకు మించీ అద్దెకిస్తే కాగితం రిజిస్ట్రేషను చేయించాలి, ఆ ఖర్చు తప్పడానికి పదకొండు రాసుకుంటారు అమ్మమ్మా అంది. ఖర్చు తప్పేదైతే మంచిదే. మరి పన్నెండేళ్ళో అన్నాను. అదంతా ఉత్తమాట అంది. అద్దె కడుతూ ఉన్నవాడు ఎన్నేళ్ళున్నా అద్దెవాడే. ఇల్లు చూసుకోమని తాళాలిచ్చి పెట్టినవాడు ఎన్నేళ్ళున్నా కాపలావాడే. పన్ను రసీదు మీద పేరు మారితే ఇల్లు మారదు. మధ్యలో ఒక రాత్రి పడుకోవడం, పడుకోకపోవడం లెక్కలోకే రాదు. అప్పుడు నేను పేర్లు చెప్పకుండా ఈ కథ చెప్పాను. అది విని, ఆ ముసలావిడ కోర్టు మెట్లెక్కితే చాలు అమ్మమ్మా, ఆవిడ ఇల్లు ఆవిడకి వచ్చేది అంది.

లోపలున్నవాళ్ళకి ఆ సంగతి తెలియదు. బయట వానలో కూర్చున్నావిడకీ తెలియదు. తలుపుకి ఇటూ అటూ ఇద్దరూ ఒకే అబద్ధాన్ని చట్టమని నమ్మారు. చట్టమంటే చేసేదేముంది అని లేచి వెళ్ళిపోయిందట. ఆ మాట నాకు నిద్రపట్టనివ్వడం లేదు. పిన్నిగారు పోయి కూడా ఏళ్ళయింది, ఆవిడతో చెప్పడానికి లేదు. చెప్పినా సుఖపడేది కాదనుకోండి.

కిందటి ఏడు పని మీద బందరు వెళ్ళి ఆ వీధిలోంచి నడిచాను. పిన్నిగారు పోయాక ఆ ఇంటికి వారసులంటూ ఎవరూ రాలేదట. ఒక పక్క పెంకులు జారిపోయాయి. ఎవరో అరుగు మీద మేకని కట్టారు. నేను గుమ్మం ముందు ఆగి తలుపు మీద అరచేత్తో తట్టాను. ఎందుకు తట్టానో తెలియదు. తట్టాక మాత్రం అక్కడ నిలబడలేకపోయాను. ఇప్పటికీ తాళం వేసిన ఇల్లు తియ్యాల్సివస్తే, అది నా సొంత ఇల్లయినా సరే, ముందు తట్టి ఆగుతాను. కోడలు నవ్వుతుంది. నవ్వనీ.

తగువు దగ్గరకి వస్తాను. ఆవిడ చెప్పింది విన్నాక నా మనసు కరగలేదా అంటే, కరగడానికి నాకు తీరికెక్కడ. లోపల ఆయన గురగుర వినిపిస్తూనే ఉంది.

"ఆవిడకి తలుపు తియ్యలేదని, ఇప్పుడు ఈయన్ని అరుగు మీద పడుకోబెట్టమంటారా పిన్నిగారూ?"

ఆవిడ నా వైపు తిరిగింది. తగువు మొదలైన దగ్గర్నుంచీ అదే మొదటిసారి నా మొహం చూడడం. లేచి తన వాటా దగ్గరకి వెళ్ళింది, తట్టింది, ఆగింది, లోపలికి వెళ్ళింది. అయిపోయింది, ఇక మాటలు లేవు అనుకున్నాను. మేనల్లుడికి ఫోను చేసి, ఎవరైనా లాయరు ఇప్పుడే వస్తాడేమో అడగరా అన్నాను. వాడు వచ్చేసరికి ఆవిడ మళ్ళీ అరుగు మీదకి వచ్చింది. కొంగు నడుముకి దోపుకుని ఉంది. ఆవిడ వాటాలో సామాను జరిపిన చప్పుళ్ళు నాకు వినిపించాయి గానీ ఎందుకో పట్టించుకోలేదు.

"మంచం ఎత్తించు. నా నడింట్లో వెయ్యండి."

"అక్కడే ఏదైనా అయితే?"

"అయితే అవుతుంది. నన్నెవరు ఖాళీ చేయిస్తారు?"

నేను నమ్మలేదు. నిజం చెప్పాలి కదా, ఇందులో కూడా ఏదో ఉందేమోనని మేనల్లుడి మొహం చూశాను. వాడు భుజాలెగరేశాడు. చట్టంలో దీనికి ఏముందో వాడికీ తెలియదు. ఆవిడ నా కోసం ఆగలేదు. తనే వెళ్ళి మా వారి తల వైపు నిలబడి దుప్పటి అంచులు లోపలికి మడిచింది.

ఎదురింటి తండ్రీకొడుకులూ, మా మేనల్లుడూ, ఇంకొకరూ మంచం ఎత్తారు. మా గుమ్మం దాటి, అరుగు మీదుగా, ఆవిడ గుమ్మంలోకి. గట్టిగా నాలుగు బారల దూరం. వీధిలోవాళ్ళు చేస్తున్న పనులు వదిలేసి చూస్తున్నారు. పోయేలా ఉన్న మనిషిని అద్దె ఇంట్లోంచి బయటికి మొయ్యడం వాళ్ళు చూసిందే. సొంత ఇంట్లోకి మోయించుకోవడం ఎవరూ చూడలేదు.

మిగతా సామాను మేం పెరట్లోకి మార్చాం. ఆవిడ గుమ్మం కడిగింది, చాప పరిచింది, నీళ్ళు పెట్టింది, తలుపు ఓరగా వేసింది. ప్రతి గడువుకీ ఎలా చేసేదో అలాగే. తర్వాత వచ్చి నా పక్కన నేల మీద కూర్చుంది. మా వారు కళ్ళు తెరిచి పైన దూలాలు చూశారు. అవి తను రోజూ చూసే దూలాలు కావని తెలిసింది. నా వైపు కళ్ళు తిప్పి, మన వాటా ఎవరికిచ్చారు అన్నారు. మాట ముద్దగానే వచ్చింది గానీ నాకు తెలిసింది.

"ఈ రాత్రికి ఒకావిడ దిగుతోంది లెండి. పొద్దున్న వెళ్ళిపోతుంది."

"నీళ్ళున్నాయా ఆవిడకి?"

"ఉన్నాయి బాబూ, పెట్టాను" అని పిన్నిగారు జవాబు చెప్పింది. ఆ తర్వాత ఆయన మాట్లాడలేదు.

మర్నాడు పొద్దున్న, మున్సిపాలిటీ కుళాయి వదిలే వేళకి ఆయన పోయారు. తలగడ దగ్గర నేనున్నాను. కాళ్ళ దగ్గర ఆవిడ ఉంది. ఆయన్ని నడింట్లోంచి తెచ్చి వీధి గుమ్మం ముందే, చూరు కింద పడుకోబెట్టారు. ఎవరూ ఏమీ అనలేదు. చిలకలపూడి నుంచి తోటి పనివాళ్ళు వచ్చారు. పంతులుగారు వచ్చి తిథి చూసి, నక్షత్రం మంచిది కాదమ్మా, ప్రాణం పోయిన వాటా కొన్ని నెలలు మూసి ఉంచాలి అన్నాడు. అలాగే అంది ఆవిడ. మా వారిని తీసుకెళ్ళాక ఆవిడ తన వాటాలోంచి బట్టల పెట్టె, వంట గిన్నెలు, దీపం కుందులు ఒక్కొక్కటే మోసుకొచ్చి మా వాటాలో పెట్టుకుంది. తన వాటా తలుపు మూసి తాళం వేసింది. నేను బావి దగ్గర స్నానం చేసి తడిబట్టలతో మా గుమ్మం దగ్గరకి వచ్చాను. ఆవిడ లోపల పొయ్యి వెలిగిస్తోంది. నన్ను చూసి, పెట్టె పక్కకి జరిపి, నాకు దారిచ్చింది.